ప్రశ్నలు వేయని ఐదు నిమిషాలు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. కుర్ర డాక్టరు నోరు తెరిస్తే ప్రశ్నే వస్తుంది. పిల్లల మానసిక వైద్యం నేర్చుకునేవాడికి అంతకంటే చేటు లేదు; అడిగేకొద్దీ బెదురు పిల్లలు ఇంకా ముడుచుకుపోతారు. బయటివాళ్లతో పెదవి విప్పని ఐదేళ్ల పాపతో ఐదు నిమిషాలు, ఒక్క ప్రశ్నా అడగకుండా, కళ్లకు కనిపించిందే చెబుతూ ఆడాలి. అదే పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే వేరే ఊరి ఆసుపత్రికి పంపేస్తారు.

ఊరు మారితే చెవిలోని గొంతు దూరమవుతుంది. అతని దిగులంతా అదే.

ఆ గొంతు అతనికంటే ఏడాది సీనియరైన డాక్టరమ్మది. అవతలి నుంచి మాత్రమే చూడగలిగే అద్దం వెనక గదిలో ప్రొఫెసర్ పక్కన కూర్చుని, ఇయర్‌ఫోన్‌లో అతని తప్పులు దిద్దుతూ ఉంటుంది. తొలిరోజే అంది, "మీ నోటికి తాళం వెయ్యాలండీ."

"తాళంచెవి మీరే దాచుకుంటారా?"

"చూశారా, మళ్లీ ప్రశ్న!"

ఈరోజు పాప నేలమీద బ్లాకులు పేరుస్తోంది.

"నీలం బ్లాకు మీద ఎర్రది పెట్టావు," అన్నాడు.

"బాగుంది," అంది చెవిలో గొంతు.

"ఇప్పుడేం..."

"ఊఁ!"

"...ఇప్పుడు పచ్చది పెట్టావు."

నాలుగో నిమిషంలో పాప తలెత్తింది. ఆ గదిలో తొలిసారి నోరు విప్పింది.

"నీ చెవిలో ఎవరున్నారు?"

అతను ఉబ్బితబ్బిబ్బయ్యాడు. పిల్లలతో అబద్ధమాడకూడదన్నది మొదటి పాఠం.

"ఒక డాక్టరమ్మ."

"తిడుతుందా?"

"రోజూ."

"అయితే తీసెయ్యి."

అతను ఇయర్‌ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"తియ్యను. ఆవిడంటే నాకు చాలా ఇష్టం."

పాపకి అదేమీ వింతగా అనిపించలేదు. మళ్లీ బ్లాకుల్లో పడింది. చెవిలో మాత్రం చడీచప్పుడూ లేదు. ఎదుటి అద్దంలో అతని ముఖం తేలు కుట్టిన దొంగలా ఉంది.

బయటికి రాగానే ప్రొఫెసర్ భుజం తట్టాడు. "ప్రశ్నలు సున్నా. పాప మాట్లాడింది. పాసయ్యావు." ఆమె వైపు తిరిగి, "చివరి నిమిషంలో నీ మైకుకేమైందమ్మా?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

కారిడార్‌లో ఇద్దరే మిగిలారు. వంద ప్రశ్నలు అతని నాలుక చివరిదాకా వచ్చాయి.

"మీ బుగ్గలు ఎర్రబడ్డాయి," అన్నాడు. "నా ఫైలు తలకిందులుగా పట్టుకున్నారు. ఇంకా వెళ్లిపోలేదు."

"పరీక్ష అయిపోయిందండీ. ఇక అడగొచ్చు."

"అడగను. కాదంటారేమోనని భయం."

ఆమె ఫైలు తిప్పి పట్టుకుంది.

"ఆదివారం మా ఇంటికి రండి. మా అమ్మకీ మీ బుద్ధే. కూర్చోగానే పెళ్లెప్పుడని అడుగుతుంది. ఏం చెబుతారు?"

ప్రశ్నలే తప్ప జవాబులెరగని కుర్ర డాక్టరు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మీరెప్పుడంటే అప్పుడేనని చెబుతానండీ."