ముందు తెల్లది, తర్వాత ఎర్రది

"నీ స్నేహితురాలే ద్రోహి," అన్నాడు పెద్దాయన.

ఏజెంట్ మిణుగురు కుర్చీలోంచి సగం లేచింది. కిటికీల్లేని ఆ గదిలో సీక్రెట్ సర్వీస్ చీఫ్ అయిన ఆయన, ఎదురుగా ఆమె. అంతే.

"డీకోడింగ్ సెక్షన్ నెమలా సర్?"

"అదే. విదేశాల్లో మారువేషాల్లో ఉన్న మన పదిహేడుమంది ఏజెంట్ల పేర్లు మైక్రోఫిల్మ్‌లోకి ఎక్కాయి. శనివారం పొద్దున పదింటికి, సరస్సు ఒడ్డున వైనరీలో ఆ ఫిల్మ్ చేతులు మారుతుంది. మీరిద్దరూ అటే వైన్ టేస్టింగ్‌కి వెళ్తున్నారటగా? ఎవరి ఐడియా?"

"దానిదే సర్."

"చూశావా!"

ఆయన డ్రాయర్‌లోంచి ఒక లిప్‌స్టిక్ తీశాడు.

"ట్రాకర్. వైనరీలో నీ గ్లాసు పక్కన పెట్టు. మిగతాది మనవాళ్ళు చూసుకుంటారు. పొరపాటున కూడా తెరవకు."

"నేను లిప్‌స్టిక్ వేసుకోను సర్."

"అందుకే నీకిస్తున్నా అమ్మాయ్. నెమలి గన్ తీస్తే మాత్రం ముందు నువ్వే కాల్చాలి."

"ఇంకోటి సర్. నాకు వైన్ సంగతులేమీ తెలియవు."

"తెలియడానికేముంది? ఏ రంగుదైతేనేం, పోయేది గొంతులోకేగా!"

శనివారం, ఉదయం ఏడు. మూడో అంతస్తులో నెమలి ఫ్లాట్. కారు ఏడున్నరకి వస్తుంది. బల్ల మీద మ్యాప్, రెండు గ్లాసులు, పక్కనే ప్లాస్టిక్ బకెట్. తలుపు దగ్గర రెండు సూట్‌కేసులు.

మిణుగురు గుమ్మంలోనే ఆగింది. ఏదో తేడాగా ఉంది. నెమలి లిఫ్ట్ దిగిన పావుగంట వరకూ ఆమె సెంటు వాసన లిఫ్ట్‌లోనే ఉండేది. ఈరోజు ఆ వాసన లేదు. ఎవరి ముక్కుకీ దొరక్కూడదనా?

"గుడ్లప్పగించి చూస్తావేంటే? కూర్చో. రిహార్సల్ చేద్దాం," అంది నెమలి. "రంగు చూడు. వాసన చూడు. పుక్కిలించు. ఉమ్మెయ్."

"ఉమ్మెయ్యాలా?"

"మరి? మూడు వైనరీలూ మింగుకుంటూ పోతే నిన్ను నేను మోసుకురావాలి తల్లీ."

మిణుగురు పుక్కిలించి ఉమ్మింది. సగం బకెట్‌లో పడింది, సగం తన చున్నీ మీద పడింది. నెమలి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఎనిమిదేళ్ళుగా ఎరిగినదే. కానీ నెమలి కుడిచేయి మాత్రం మ్యాప్ కింద నుంచి బయటికి రాలేదు.

మిణుగురు మెల్లగా తన హ్యాండ్‌బ్యాగ్ జిప్ తీసింది. లోపల పిస్టల్ చల్లగా తగిలింది.

అంతలో నెమలి ఫోన్ మోగింది. ఎడమచేత్తో తీసి చూసింది. మొహం చిట్లించింది.

"సరస్సు వైనరీ వాళ్ళు. మన బుకింగ్ పదింటికి మార్చారట! నేను పెట్టింది సాయంత్రం నాలుగింటికి."

"నువ్వే మార్చావేమో."

"నేనా? అక్కడున్నది ముదురు ఎరుపే. అది ముందు తాగితే నాలుక మొద్దుబారిపోయి, తర్వాత తెల్లదీ నీళ్ళూ ఒకేలా ఉంటాయి. ముందు తెల్లది, తర్వాత ఎర్రది. వైన్ వాసన తెలియాలని సెంటు కూడా పూసుకోనిదాన్ని, ఇలాంటి తప్పు చేస్తానా? ఏ రంగుదైతేనేం అనుకునేవాడెవడో మార్చాడు."

*ఏ రంగుదైతేనేం.*

మిణుగురు చేయి బ్యాగ్‌లో పిస్టల్‌ని వదిలింది. లిప్‌స్టిక్‌ని పట్టుకుంది.

"కదలకు!"

మ్యాప్ జారిపోయింది. నెమలి కుడిచేతిలో రివాల్వర్, దాని గొట్టం మిణుగురు గుండెకు సూటిగా.

"నీ సంగతంతా పెద్దాయన చెప్పారు. ట్రిప్ వంకతో నీతో ఉండి కనిపెట్టమన్నారు. ఏడవకుండా చెయ్యి పైకెత్తవే," అంది నెమలి. ఏడుస్తున్నది మాత్రం తనే.

"నాకూ నీ సంగతంతా ఆయనే చెప్పారు. నువ్వు గన్ తీస్తే కాల్చెయ్యమన్నారు. తియ్యమని నీకు చెప్పిందెవరు?"

నెమలి రివాల్వర్ గొట్టాన్ని కొద్దిగా కిందికి దించింది.

మిణుగురు లిప్‌స్టిక్ మూత తీసి అడుగుభాగం తిప్పింది. రంగు రాలేదు. గోరంత నల్లటి చుట్ట అరచేతిలో పడింది. మైక్రోఫిల్మ్.

"ఇది మోస్తున్నది నేనే," అంది నెమ్మదిగా. "గ్లాసు పక్కన పెడితే, కొనేవాళ్ళు వచ్చి తీసుకునేవాళ్ళు. మనిద్దరిలో ఒకరు చస్తే, బతికినదాన్ని పెద్దాయన ద్రోహి అనేవాడు."

తలుపు తెరుచుకుంది. డ్రైవర్. మర్యాదగా టోపీ తీశాడు.

"టైమైంది మేడమ్, సామాన్లు..." అంటూ మిణుగురు అరచేతిని చూశాడు. మరుక్షణం టోపీ వెనక నుంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ పైకి లేచింది. "అది పెద్దాయనది, ఇటివ్వండి. తొందరగా!"

నెమలి రివాల్వర్ తిప్పేలోపు అతని వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంటోంది.

మిణుగురు బకెట్ అందుకుని విసిరింది.

పుక్కిలించి ఉమ్మిన వైన్ అంతా డ్రైవర్ కళ్ళలోకి కొట్టింది. తూటా సీలింగ్‌ని తాకింది. సున్నం రాలింది. నెమలి అతని మెడ మీద ఒక్కటిచ్చింది. సామాన్ల పక్కనే అతనూ ఒక సామానులా పడ్డాడు.

ఎనిమిదింటికల్లా పెద్దాయన్ని పట్టుకెళ్ళడానికి ఆయన ఇంటి ముందు మిలిటరీ జీపు ఆగింది. పదిహేడుమందీ తమ మారువేషాల్లోనే క్షేమంగా ఉన్నారు.

"నన్ను ఎప్పట్నుంచి అనుమానించావే?" అంది నెమలి, కారు స్టీరింగ్ పట్టుకుని.

"గురువారం నుంచి. నువ్వు?"

"బుధవారం నుంచి."

"ఒక రోజు ముందే! సిగ్గులేదూ?"

"సరేలే. ముందు ఎక్కడికి?"

మిణుగురు మ్యాప్ విప్పింది.

"తెల్లదానికి. ఈసారి మాత్రం ఉమ్మను."