నలభై ఒక్క రోజుల ఓడ

"మీ ఓడలు చాలా బాగా పేలుతాయండీ."

అతను ఆమెతో అన్న మొదటి మాట అదే. హెడ్‌ఫోన్స్‌లో ఆ గొంతు వినగానే ఆమెకు ఒళ్ళు మండింది.

"ఏంటన్నారు?"

"మెచ్చుకుంటున్నానండీ. వేరేవాళ్ళు కట్టినవి రెండు దెబ్బలకే తుక్కైపోతాయి. మీవి ఏడెనిమిది తిని, తీరిగ్గా పేలతాయి. అందుకే ఇంకో ఇరవై కావాలి. ఎల్లుండికి."

"ఎల్లుండికి కాగితం పడవలైతే చేసిస్తాను. తీసుకెళ్ళండి."

అవతల నవ్వు వినిపించింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయిన నవ్వు.

అది ఆన్‌లైన్‌లో ఆడే అంతరిక్షపు ఆట. వేలమంది ఒకే ఆకాశంలో తిరుగుతారు. చాలామంది దండు కట్టి యుద్ధాలు చేస్తారు. ఆమెలాంటి కొద్దిమంది ఓ మూల కూర్చుని వాళ్ళకు ఓడలు కట్టిస్తారు. ఆ ఆటలో ఒక నియమం చాలా కఠినమైనది. పేలిన ఓడ మళ్ళీ రాదు. పోయిందంటే పోయినట్టే, మొదటి నుంచి కట్టుకోవలసిందే. ప్రతి ఓడ మీదా కట్టినవాళ్ళ పేరు, అది చేసిన యుద్ధాల లెక్క ఉంటాయి.

ఆటలో ఆమె పేరు సూది. బయట ఆమె పని స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో గుడ్డ కత్తిరించడం. సుద్దగీత ఎక్కడ గీస్తే ముక్క వృథా కాదో ఆమె చేతికి తెలుసు. అదే చేత్తో ఓడలూ కట్టేది. పిల్లల లాగుల్లో అంచు లోపలికి నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి వదిలేస్తారు, పిల్లవాడు పొడుగైతే కుట్టు విప్పుకోవడానికి. ఆమె తన ఓడల్లోనూ అలాగే ఓ మడత వదిలేది. అడుగున చిన్న అర చేసి, అందులో ఓడ కవచానికి శక్తినిచ్చే బ్యాటరీ ఒకటి అదనంగా పెట్టేది. ఎవరికీ చెప్పేది కాదు. అది ఆమె చేతికున్న అలవాటు, అంతే.

అతను దండుకు నాయకుడు. ఒకసారి మైకు ఆపకుండా నిద్రపోతే అరవైమంది అతని గురక విన్నారట. అప్పటి నుంచి పేరే గురక అయిపోయింది. ఎవరైనా అలా పిలిస్తే బాధపడడు. "నాయకుడు గురక పెట్టాడంటే దండుకు భయం లేదని అర్థం" అంటాడు.

ఇరవై ఓడలకు ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ అతను సాయంత్రం ఆరింటికి ఆమె షిప్‌యార్డ్‌కు వచ్చి, "అయ్యాయా?" అని అడిగేవాడు. అయ్యాక కూడా రావడం మానలేదు.

తర్వాత పెద్ద ఓడ కావాలన్నాడు. దండు మొత్తానికి ముందు గోడలా నిలబడే ఓడ. దానికి నలభై ఒక్క రోజులు పట్టింది. కావలసిన ఖనిజం కూలీల చేత మోయించవచ్చు. కానీ నాయకుడే చిన్న బండి లాంటి ఓడ వేసుకుని రోజూ మోసుకొచ్చేవాడు.

"మీకు వేరే పని లేదా?" అందామె ఒకరోజు.

"బస్సుల ఆఫీసులో ఉద్యోగమండీ. రోజంతా ఇతరులను పంపించే పనే. సాయంత్రమైనా నేను ఎక్కడికైనా వెళ్ళాలి కదా."

"వెళ్ళడానికి ఆకాశమంతా ఉంది."

"ఉంది. అంత ఆకాశంలోనూ కాగితం పడవలు చేసిస్తాననే మనిషి ఇక్కడ ఒక్కరే ఉన్నారు."

ఆమె మైకు ఆపి నవ్వుకుంది.

నలభై రెండో రోజున ఓడ అప్పగించింది. ఆ వారమే ఓ యుద్ధం జరిగింది. పెద్ద ఓడ బయటికి రాలేదు. తర్వాత ఇంకొకటి, మరొకటి. మూడు యుద్ధాలకూ అది రేవులోనే ఉంది. ఆమె మధ్యాహ్నం భోజనం చేస్తూ ఒక చేత్తో ఫోనులో చూసుకునేది. యుద్ధాలు: సున్నా.

"ఏమే, నీ ఓడ బయల్దేరిందా?" అని ఇంటికి రాగానే అడిగేది అమ్మమ్మ. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

"లేదు."

"ఇంకా లేదా? అదేమన్నా పెళ్ళికూతురా, ఇంతసేపు ముస్తాబవడానికి?"

ఆమెకు, తను కుట్టిన చొక్కాను ఎవరో తొడుక్కోకుండా మూలన పడేసినట్టుండేది.

గురువారం సాయంత్రం శత్రువుల దండు ఆమె షిప్‌యార్డ్ ఉన్న కోట మీద పడింది. ఆట పద్ధతి ప్రకారం, మొదటి దెబ్బ తగలగానే కోట మూడు రోజులు శత్రువులకు తలుపులు మూసుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి తెరుచుకుంటుంది. అప్పుడు ఇరవై నిమిషాలు కాపాడుకుంటే కోట నిలుస్తుంది. లేదంటే కోటతో పాటు ఆమె షిప్‌యార్డ్, రెండేళ్ళ పనీ మట్టిలో కలుస్తాయి.

రెండేళ్ళ పని పోతుందన్నది ఆమె బయటికి చెప్పిన బెంగ. అసలుది వేరే. షిప్‌యార్డే లేకపోతే సాయంత్రం ఆరింటికి అతను ఎక్కడికి వస్తాడు? ఏమని వస్తాడు?

శుక్రవారం కార్ఖానాలో ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. రెండుసార్లు కత్తెర ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది. మేస్త్రీ ఆమె కత్తిరించిన చొక్కా ముక్కలు ఎత్తి చూశాడు.

"ఏమ్మా, ఈ పిల్లోడికి రెండూ ఎడమ చేతులేనా?"

ఆమె ఆ ముక్కలు లాక్కుని బల్ల కింద దాచేసింది.

ఆ సాయంత్రం అతను రాగానే అడిగేసింది. "నా ఓడలో లోపమేంటో చెప్పండి."

"లోపమా? లేదే."

"మరి మూడు యుద్ధాలకు ఎందుకు తీయలేదు?"

"అవసరం రాలేదు."

"రెండో యుద్ధంలో ముప్పై ఓడలు పోయాయి. అప్పుడూ రాలేదా?"

"అది పోతే మళ్ళీ నలభై ఒక్క రోజులండీ."

"అంటే నా చేతివేగం మీకు చాలలేదు. ఆ మాటేదో ముందే అనుంటే సరిపోయేది."

"నేనన్నది అది కాదు."

"ఆదివారం వేరేవాళ్ళ ఓడలతో కొట్లాడుకోండి. నాది అలంకారానికి ఉంచుకోండి."

హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టింది. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ పెట్టుకుని చూసింది. అతను వెళ్ళిపోయాడు. ఇంకో ఐదు నిమిషాలకు మళ్ళీ చూసింది.

శనివారం పొద్దున్నుంచీ వాన. పనికి సెలవు. ఆమె కిటికీకీ కంప్యూటరుకూ మధ్య నడుస్తూనే ఉంది.

"కూర్చోవే, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది అమ్మమ్మ. పెట్టె ముందేసుకుని పాత బట్టలు మడత పెడుతోంది. అడుగు నుంచి గుడ్డ సంచిలో చుట్టిన నల్ల గొడుగు తీసింది. "ఇది ఎప్పటిదో తెలుసా? మీ తాత నాకు మొదటిసారి కొనిచ్చిన వస్తువు."

"కొత్తదానిలా ఉందే."

"వాడితేగా పాతబడ్డానికి. వాన వస్తే గొడుగు తడిసిపోతుందని దాన్ని చంకలో పెట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని పరుగెత్తేదాన్ని. ఇంటికొచ్చేసరికి నేను ముద్ద, గొడుగు పొడి."

"గొడుగు తడుస్తుందని నువ్వు తడిసేదానివా?"

"నవ్వకే. మీ తాత కూడా నీలాగే తగువేసుకున్నాడు. నేను కొన్న గొడుగు నచ్చలేదా, కర్ర బాగోలేదా, అని. నచ్చకపోతే ఎవరైనా అంత జాగ్రత్త చేస్తారా? మగాడికి ఆపాటి తెలియలేదు."

ఆమె నడక ఆగిపోయింది. కిటికీ చువ్వ పట్టుకుని చాలాసేపు వాననే చూసింది.

ఆదివారం మూడింటికి పది నిమిషాల ముందు దండు కోట బయట వరుస కట్టింది. ఓడలు కట్టేవాళ్ళు యుద్ధంలో మాట్లాడరు. వింటారు, అంతే. ఆమె వింటోంది. కింద కాలు ఆగకుండా ఆడుతోంది.

"మొదటి వరుస ఎడమకి. రెండో వరుస, తొందరపడొద్దు" అంటున్నాడు అతను. ఏ కంగారూ లేని గొంతు. పెద్ద ఓడ ఇంకా రేవులోనే ఉంది.

ఆమె కీబోర్డు మీద రెండు మీటలున్నాయి. ఒకటి నొక్కితే నాయకుడికి ఒక్కడికే వినిపిస్తుంది. పక్కది నొక్కితే దండు మొత్తానికి. ఆమె నొక్కింది, మాట్లాడింది.

"చూడండీ, నా ఓడ తీయండి. మీరెందుకు దాచారో నాకిప్పుడు తెలిసింది. పేలితే పేలనివ్వండి. మళ్ళీ నలభై ఒక్క రోజులు కడతాను. మీరు మాత్రం రోజూ ఆరింటికి రావాలి. ఆ నలభై ఒక్క రోజుల్లో నాకు మిగిలింది ఓడ కాదు, మీ మాటలే. కోట పోతే అవి పోతాయని మూడు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు."

అంతలో ఎవరిదో కొత్త గొంతు, బాగా పెద్దాయనది.

"నాయకా, ఆ పిల్ల అన్నం తినాలయ్యా. ఓడ తియ్."

అరవైమంది ఒకేసారి నవ్వారు. ఆమె ఏ మీట మీద వేలు పెట్టిందో చూసుకుంది. ముఖం మీద దిండు కప్పుకుంది. హెడ్‌ఫోన్స్ మాత్రం తీయలేదు.

"సరే" అన్నాడు అతను. "పెద్ద ఓడ నేనే నడుపుతాను. అందరూ దాని వెనక్కి రండి."

మూడింటికి కోట తెరుచుకుంది. శత్రువులు వందకు పైనే. దెబ్బలన్నీ పెద్ద ఓడ మీదే పడ్డాయి. ఐదు నిమిషాలు గడిచాయి, పది గడిచాయి. వెనక నుంచి చిన్న ఓడలు కొట్టి మళ్ళీ దాక్కుంటున్నాయి. పదహారో నిమిషంలో అతను మెల్లగా అన్నాడు.

"సూది గారూ, కవచం అయిపోయింది. ఇంక నిమిషం కూడా ఆగదు. క్షమించండి."

"అడుగున అర తెరవండి."

"ఏ అర? జాబితాలో లేదే."

"జాబితాలో ఉండదు. ఇంజను వెనకాల, ఎడమ పక్క. కుట్టు విప్పి చూడండి."

క్షణం ఆగి అతను, "దొరికింది" అన్నాడు. సగం ఏడుపు, సగం నవ్వు. కవచం మళ్ళీ వెలిగింది.

పదిహేడు. పద్దెనిమిది. పంతొమ్మిది. అమ్మమ్మ వచ్చి ఆమె వెనక నిలబడింది. తెర మీద ఏం జరుగుతోందో ఆవిడకు తెలియదు, కానీ మనవరాలి భుజం గట్టిగా పట్టుకుంది.

ఇరవై నిమిషాలు నిండి కోట తలుపులు మూసుకున్నాయి. ఆ తర్వాత ఎనిమిది సెకన్లకు పెద్ద ఓడ పేలింది. తెరంతా తెల్లగా వెలిగి చల్లారింది.

దండు కేకలు వేస్తోంది. ఆమె ఈసారి చూసుకుని సరైన మీట నొక్కింది.

"ఉన్నారా?"

"ఉన్నాను. పోయిందండీ."

"చూశాను. చాలా బాగా పేలింది."

అతను ఊపిరి వదలడం వినిపించింది.

"రేపు ఆరింటికి కొత్తది మొదలుపెడతాను" అందామె.

"వస్తాను. కానీ ఈ నలభై ఒక్క రోజులూ హెడ్‌ఫోన్స్‌లోనే అంటే నావల్ల కాదు. వచ్చే ఆదివారం మా ఊరి బస్టాండుకు వస్తారా? రెండు గంటల ప్రయాణం."

"మిమ్మల్ని ఎలా గుర్తుపట్టను?"

"మీరు దిగండి చాలు."

వారం తిరిగేసరికి వాన ఇంకా పెరిగింది. బయల్దేరుతుంటే అమ్మమ్మ గొడుగు చేతికిచ్చింది. "పొడిగా తెచ్చావంటే ఊరుకోను" అంది.

నల్ల గొడుగుతో వస్తున్నానని అతనికి ఫోనులో రాసింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఆమె గొడుగు పట్టీకున్న గుండీని పెడుతూ తీస్తూనే ఉంది. పక్కనున్నావిడ ఓసారి చూసి కిటికీ వైపు తిరిగింది.

బస్టాండులో దిగింది. జనం, తడి సంచులు, నీళ్ళు కారుతున్న రేకులు. ఎవరిని చూసినా అతనేనేమో అనిపించింది, ఎవరూ కాదనిపించింది. అంతలో నెత్తి మీద లౌడ్‌స్పీకరు పలికింది.

"నాలుగో ప్లాట్‌ఫారం బస్సు ఎడమకి వస్తుంది. ప్రయాణికులు తొందరపడొద్దు."

ఆమె ఉన్నచోటే నిలబడిపోయింది. అదే గొంతు. ఏ కంగారూ లేని గొంతు.

"నల్ల గొడుగు మూసి పట్టుకుని తడుస్తున్నవారు, దయచేసి విచారణ కిటికీ దగ్గరికి రావలసిందిగా మనవి."

బస్టాండు బస్టాండంతా ఆమె వైపు తిరిగింది. ఆమె గబగబా నడిచింది. కిటికీ వెనక సన్నటి మనిషి మైకు ఆపి, లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"ఉద్యోగం పోదా?" అందామె.

"మీరు అరవైమందికి చెప్పారు. నేను ఆ మాత్రం చెప్పకపోతే బాకీ ఉండిపోతాను." ఆమె చేతిలోకి చూశాడు. "గొడుగు ఎందుకు విప్పలేదు?"

ఆమె చూసుకుని నవ్వేసింది. "అలవాటు. మా ఇంట్లో వంశపారంపర్యం."

"ఇటివ్వండి" అని తీసుకుని విప్పాడు. యాభై ఏళ్ళ ఊచలు కిర్రుమన్నాయి. "నా డ్యూటీ అయిపోయింది. ఆ చివరి వరకూ నడుద్దామా?"

ఆ చివరి వరకూ అనుకున్నది ఊరంతా అయింది.

ఆమె ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. అమ్మమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ముందు గొడుగు తీసుకుని గుడ్డ తడిమింది. నీళ్ళు ధారగా కారాయి. తర్వాత మనవరాలిని పైనుంచి కిందికి చూసింది.

"ఎడమ భుజం ఒక్కటే తడిసిందేమే?"

ఆమె తల వంచుకుంది.

"ఆ అబ్బాయికో?"

"కుడి భుజం."

"అయితే సమంగానే పట్టాడన్నమాట. మీ తాత తన గొడుగు మొత్తం తనవైపే లాక్కునేవాడు." అమ్మమ్మ గొడుగును వసారాలో విప్పి పెట్టింది. "వచ్చే ఆదివారం ఆ గురకబాబును ఇంటికి రమ్మను. నేను కూడా చూడాలి."

"సరే అమ్మమ్మా. అది ఆరాక పెట్టెలో పెట్టేయనా?"

"పెట్టెలో ఎందుకే. గుమ్మం దగ్గరే ఉండనీ. వానాకాలం ఇప్పుడేగా మొదలైంది."