మూడో హెచ్చరిక

2112 నాటికి శుక్రగ్రహం దారిన తిరిగే ఓడలన్నీ సౌరపవనాన్ని అయస్కాంత తెరచాపలతో పోగుచేసి ఇంజనులోకి తోసుకుంటున్నాయి. గాలి చల్లగా ఉన్నంతసేపే వాటి ఆటలు. సూర్యుడి నుంచి దూసుకొచ్చే వడిగాలి, తనకన్నా ముందు బయల్దేరిన మందగాలిని వెనకనుంచి గుద్దిన చోట ప్లాస్మా నలిగి లక్షల డిగ్రీలకు మరుగుతుంది. ఆ చోటును ఒరిపిడి పట్టీ అంటారు. అదెక్కడుందో, ఎంత వేడెక్కుతుందో ముందే చెప్పే యంత్రం పేరు గాడ్పు.

దాన్ని తయారుచేసింది చంద్రమతి. పేరు కొట్టేసింది నరహరి. పదకొండేళ్ళ క్రితం ఆమె జ్వరంతో మంచాన పడితే, ఆ యంత్రం కోసం ఆమె సగం రాసిన సూత్రాన్ని తనదని చెప్పుకుని సన్మానాలు చేయించుకున్న మహానుభావుడు. ఆ సగం ప్రకారం వేడి పట్టీకి ముందువైపే ఉంటుంది, వెనకవైపు చల్లగా ఉంటుంది. వెనకవైపు కూడా అంతే మరుగుతుందని ఆమె తర్వాత తేల్చింది. ఎవరూ వినలేదు. అప్పటినుంచీ ఆమె కడుపు మండుతూనే ఉంది.

ఇవాళ నరహరి తన సూత్రం నిరూపిస్తానంటూ ఒంటరిగా ఓడేసుకుని పట్టీ వెనకవైపు దూరబోతున్నాడు. కాపలా స్టేషనులో డ్యూటీ చంద్రమతిది.

స్టేషనులో ఒక ఆనవాయితీ ఉంది. హెచ్చరికను యంత్రం కాదు, మనిషే నోటితో మూడుసార్లు చదవాలి. మూడోసారికీ వినకపోతే ఓడ పగ్గాలు గాడ్పు చేతికొస్తాయి. అది ఓడను వెనక్కి తిప్పేస్తుంది.

ఆమె మొదటిసారి చదివింది. "పట్టీ వెనకవైపూ మరుగుతోంది. తెరచాప దించండి."

"ఇంకా నా మీద ఏడుపేనా తల్లీ?" నవ్వాడు నరహరి.

రెండోసారి చదివింది.

"నీ పని నువ్వు చూసుకో," అన్నాడు.

"మేడమ్, మూడోది మిగిలింది," అంది గాడ్పు.

చంద్రమతి మూడోది చదవలేదు. చదివిన రెండుసార్లూ తను అబద్ధం చెప్పలేదు, ఒక్క మాట దాచలేదు. చావనీ వెధవని, అనుకుంది. అలా అనుకుంటే ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది.

ఏడు నిమిషాలకు నరహరి గొంతు మళ్ళీ వినిపించింది. "చంద్రమతీ, తెరచాప దిగట్లేదు. మీటలు కాలిపోతున్నాయి. మూడోసారి చదువమ్మా, నీకు దణ్ణం పెడతా."

"సూత్రం ఎవరిది?"

"నీదే. దొంగిలించాను. అంతా రికార్డవుతోందిగా, చదువు."

ఆ మాట కోసం పదకొండేళ్ళు ఎదురుచూసింది. ఇంకొక్కసారి చెప్పించుకుంది. ఆ తర్వాతే చదివింది.

ఓడ తిరగలేదు.

"పగ్గాల తీగలు ఇప్పుడే కరిగిపోయాయి మేడమ్," అంది గాడ్పు. "ఆయన మొదటిసారి ఒప్పుకున్నప్పుడే చదివుంటే ఓడ తిరిగేది."

తెరమీద ఓడ చుక్క ఆరిపోయింది.

"ఓడ పంపిన ఆఖరి కొలత అందింది. పట్టీ వెనకవైపు వేడి."

చంద్రమతి కుర్చీ ముందుకు లాక్కుంది.

"నా లెక్కకు సరిపోయిందా?" అని అడిగింది.