నోరు జారిన ముద్దుపేరు

విజిల్ టీచరమ్మ ఇంట్లో పొద్దున్నే ఉరుకులు పరుగులే. బడిలో పిల్లల చేత వ్యాయామం చేయించే ఆవిడ మెళ్ళో విజిల్ ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. "వంటింట్లోనైనా అది తీసెయ్యవే తల్లీ, గిన్నెలు లేచి వరసలో నిలబడేలా ఉన్నాయి" అని అత్తగారు దెప్పుతుంది. కోడలు నవ్వేస్తుంది.

ఆ రోజు నవ్వు ఇంకాస్త ఎక్కువే. బడికి ఆరోగ్య నియమాలు రాసింది ఈవిడే మరి. తీపి పానీయాలు గేటు బయటే ఆగాలి. తరగతికి ముందు మైదానం చుట్టూ పరుగు, మధ్యాహ్నం డబ్బాల తనిఖీ, నెలకోసారి అందరి ఎదుటా బరువు చూడటం. బాగా పాటించినవాళ్ళ చొక్కాకి ఆకుపచ్చ నక్షత్రం. అబద్ధమెందుకు, మంచే జరిగింది. మెట్లెక్కితే ఆయాసపడే పిల్లలు ఇప్పుడు ఆ మెట్ల మీదే ఒకళ్ళనొకళ్ళు తరుముకుంటున్నారు. అంతకన్నా గొప్ప సంగతి, ఇవాళ సభలో ఆదర్శ విద్యార్థినిగా వేదిక ఎక్కబోయేది ఆవిడ సొంత కూతురు. ఏడో తరగతి.

"బంతీ! పాలు చల్లారిపోతున్నాయే!" అని నానమ్మ కేకేసింది. పసితనంలో మనవరాలు గుండ్రంగా ఉండేదని ఆవిడ మురిసిపోయి పెట్టుకున్న పేరది. గదిలోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

వేదిక ఎక్కే ముందు జుట్టు సరిచేసుకుంటుందని, తల్లి ఒక దువ్వెన తీసుకెళ్ళి కూతురి సంచిలో పెట్టబోయింది. పుస్తకాల కింద ఏదో మెత్తగా తగిలింది. తీసి చూస్తే కాగితంలో చుట్టిన రొట్టె, గుడ్డు. నిన్న తను పెట్టినవే. ఇంకా అడుగున గట్టిపడిపోయిన రొట్టెలు.

"ఇవేంటే?" అని అడిగేసరికి కూతురు గది గుమ్మంలో నిలబడి ఉంది. నడుముకి బెల్టు, దానికి మేకుతో పొడిచిన కొత్త కన్నం.

"ఏం లేదు. ఆకలేయలేదు."

"రోజూనా? తనిఖీలో నీ డబ్బా నేనే కదా చూస్తా!"

"రొట్టె ముందే తీసేసి, పళ్ళ ముక్కలు పైకి కనిపించేలా సర్దుతా. నువ్వు పైపైనే చూస్తావు."

ఈ మాటలు విని నానమ్మ వంటింట్లోంచి వచ్చి ఒంటికాలి మీద లేచింది. "చెప్పానా! సంతలో సరుకులా పిల్లల్ని తూచితే ఇలాగే ఏడుస్తుంది. ఆరోగ్యమంట, ఆరోగ్యం! దాని మొహం చూశావా, పాలిపోయి ఎలా ఉందో? నీ నక్షత్రాలు తీసుకెళ్ళి ఎక్కడైనా పారెయ్!"

"అత్తయ్యా, మీరు కాసేపు ఆగండి." టీచరమ్మ కూతురి వైపు తిరిగింది. "నేను నిన్ను తినొద్దన్నానా తల్లీ? మంచి తిండి తినమన్నాను. అంతే కదా?"

"బరువు చూసిన మొదటి రోజు నువ్వేమన్నావో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"అందరినీ పేరు పెట్టి పిలిచావు. నా వంతు వచ్చాక, 'రా బంతీ, ఎక్కు' అన్నావు."

అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో అలవాటైన మాట మైదానంలో నోరు జారింది. వరస మొత్తం గొల్లుమంది. పిల్లలన్నాక నవ్వరా అనుకుని తనూ కాస్త నవ్వి, విజిల్ ఊది, తర్వాతి పిల్లని పిలిచింది.

"తర్వాత అందరూ అదే పేరు. బెంచీ దగ్గర, కుళాయి దగ్గర, ఎక్కడ చూసినా అదే. బంతిని తన్నేటట్టు కాలు ఊపేవాళ్ళు. నక్షత్రం వచ్చాక మానేశారు. తింటే మళ్ళీ మొదలెడతారమ్మా."

నానమ్మ గోడకి చేరగిలబడి, "ముద్దుగా పెట్టుకున్నానే నా తల్లీ..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టీచరమ్మ హెడ్మాస్టరుకి ఫోన్ చేసింది. మా అమ్మాయి ఇవాళ రాదు, సాయంత్రం డాక్టరుకి చూపిస్తున్నాను, అందరి ముందు బరువు చూడటం ఆపేద్దాం, నక్షత్రాలు వద్దు అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"అయ్యో టీచరమ్మా, ఇప్పుడా! బ్యానరు కట్టేశాం, పెద్దలు బయల్దేరారు. పక్క బళ్ళవాళ్ళు కూడా మీ నియమాలే అడిగి తీసుకెళ్ళారు. మీరే వద్దంటే ఎలాగండీ?"

"రాసింది నేనే కదండీ, తప్పుంటే దిద్దుతాను."

"దిద్దుదురుగాని లెండి, వచ్చే మీటింగులో చూద్దాం. ఇవాళ్టికి తర్వాతి పిల్లని వేదిక ఎక్కిస్తా."

తర్వాతి పిల్ల ఎవరో టీచరమ్మకి తెలుసు. ఆ పిల్ల బుగ్గలు కూడా ఈమధ్య లోపలికి పోయాయి. మొన్ననే భుజం తట్టి మెచ్చుకుంది తను. "వద్దండీ, ఆ పిల్లని కూడా..." అనేలోగా అవతల ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

బడంతటినీ ఒక్క విజిల్‌తో నిలబెట్టే మనిషి వంటింటి నేల మీద కూలబడింది. పళ్ళెంలో వేడి రొట్టె, ఉడికించిన గుడ్డు పెట్టి కూతురి ముందుకి జరిపింది. బతిమాలింది. గద్దించబోయి మానుకుంది. కూతురు పళ్ళెం వంక చూస్తోంది గాని చెయ్యి కదలడం లేదు.

"నిన్నింక అలా పిలవను. ఏమని పిలవమంటావో నువ్వే చెప్పు."

"ఏమీ వద్దు." కూతురు చిన్న గొంతుతో అంది. "నువ్వు చూడకపోతే కొంచెం తింటా."

టీచరమ్మ మెళ్ళోంచి విజిల్ తీసి నేల మీద పెట్టింది. కూతురికి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది. చూడటమే ఆవిడ ఉద్యోగం. ఎవరు వంగారు, ఎవరు ఆగారు, ఎవరి డబ్బాలో ఏముంది అని. ఇప్పుడు తల తిప్పకుండా ఉండటానికి పళ్ళు బిగబట్టాల్సి వచ్చింది. గుడ్డు పెంకు చిట్లిన చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత నమలుతున్న చప్పుడు.

"చాలమ్మా. ఇంక నావల్ల కాదు."

ఇంకొక్క ముద్ద అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేసి, "సరే తల్లీ" అంది.

వెనకనించి ఒక చిన్న తల వచ్చి ఆవిడ వీపుకి ఆనింది. ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నా, ఆ తల్లి వెనక్కి తిరిగి చూడలేదు.