నొప్పిని చెరిపేసే పట్టీ

"నొప్పిగా ఉంటే చెయ్యెత్తండి పేర్రాజుగారూ," అంది డాక్టర్ వాగ్దేవి.

"ఆపరేషనింకా మొదలెట్టలేదా ఏంటండీ?"

థియేటరంతా గొల్లున నవ్వింది. అరగంట క్రితమే ఆయన పొట్టలో ముప్పాతిక కోసి తీసేశారు మరి! నూట నలభై ఎనిమిది కిలోల పెళ్లివంటల మేస్త్రీ. కాకినాడలో, 2043లో, నొప్పి తెలియకుండా ఇచ్చే మార్ఫిన్ చుక్కైనా లేకుండా జరిగిన తొలి బరువు తగ్గించే సర్జరీ అది.

కిటుకంతా నడుముకు చుట్టిన పట్టీలో ఉంది. నరాల్లో పోయే నొప్పి సిగ్నల్‌ని దారిలోనే పట్టుకుని, దానికి ఎదురు సిగ్నల్ పంపి చెరిపేస్తుంది. భారీ మనుషులకి నిద్రలో గొంతు మూసుకుపోతుంటుంది. దానికి మార్ఫిన్ తోడైతే ఊపిరే ఆగిపోవచ్చు. ఎనిమిదేళ్ల కిందట ఇదే ఆపరేషన్ చేయించుకున్న కామేశ్వరి టీచర్‌కి అలాగే ఆగింది. "ఓర్చుకోలేనమ్మా" అని ఆవిడ బతిమాలితే ఇంకో డోసు ఇచ్చింది వాగ్దేవే. అప్పట్నుంచీ వాగ్దేవికి కంటినిండా నిద్ర లేదు. ఆ పాపం కడుక్కోవడానికే ఈ పట్టీ కనిపెట్టింది.

రూలు ప్రకారం మర్నాడు పట్టీ విప్పేయాలి. ఆయన్ని నొప్పికి వదిలేయడానికి వాగ్దేవికి మనసొప్పలేదు. "నాలుగురోజులు ఉంచుకోండి. మంచినీళ్లు, పల్చటి మజ్జిగ తప్ప ఏమీ ముట్టొద్దు," అని మూడోరోజు ఇంటికి పంపేసింది.

నాలుగోరోజు సాయంత్రం ఒళ్లు కాలిపోతున్న పేర్రాజుని స్ట్రెచర్ మీద తెచ్చారు. కడుపులో కుట్లు విడిపోయాయి.

"ఏం తిన్నారండీ?" అడిగింది వాగ్దేవి.

"తినలేదండీ బాబూ, రుచి చూశాను! పెళ్లి వంట ఒప్పుకున్నాను కదండీ, ఒక్కో గరిటే. పులిహోర, పనసపొట్టు కూర, బూర్లు. రుచి చూడకుండా విస్తరి వేయించడం మా ఇంటావంటా లేదండీ. కాస్త నొప్పెట్టినా ఆగిపోదును. ఏం తెలియలేదు మరి!"

వాగ్దేవి తల దించేసుకుంది. ఆగమని చెప్పాల్సిన నొప్పి నోరు నొక్కేసింది తనే. అప్పుడు టీచరమ్మకి జాలిపడి డోసు పెంచింది, ఇప్పుడు ఈయనకి జాలిపడి రోజులు పెంచింది. ఛీ, ఏం జాలి ఇది!

రెండో ఆపరేషన్‌తో ఆయన గండం గట్టెక్కాడు. ఈసారి వాగ్దేవి పట్టీ పవర్‌ని సగానికి తగ్గించి, ఆయన మంచం పక్కనే కూర్చుంది. తెల్లారాక పేర్రాజు మూలిగాడు.

"నొప్పిగా ఉందా?"

"ప్రాణం పోతోందండీ డాక్టరమ్మా!"

"హమ్మయ్య," అనేసింది వాగ్దేవి.

ఆయన తెల్లబోయి చూశాడు. నొప్పే లేని లోకం కోసం ఎనిమిదేళ్లు కష్టపడిన మనిషి, ఆయన చెయ్యి పట్టుకుని భోరున ఏడుస్తోంది.