వడ్డాణం బొమ్మ మాయమైన గది

రాత్రి ఎనిమిదీ యాభైకి అజ్మతుల్లా తాను గీసిన వడ్డాణం బొమ్మను కంప్యూటర్‌లో సేవ్ చేసి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ప్రొద్దుటూరులో అతను పనిచేసే నగల షాపులో, చీకటిపడ్డాక మేడగదిలో ఒంటరిగా కూర్చునేవాళ్లు లేరు. అక్కడ ఎవరో కంసాలి ఉరేసుకున్నాడట. ఏ సంవత్సరం, ఏం పేరు అంటే ఎవరూ చెప్పలేరు. ఈ కథ నాకు చెప్పింది మున్వర్... ఎర్రగుంట్లలో కంప్యూటర్లు బాగుచేస్తాడు.

నెల రోజులుగా అజ్మతుల్లా సాయంత్రం గీసిన నగల బొమ్మలు తెల్లారేసరికి ఉండటం లేదు. యజమాని రాఘవేంద్రప్రసాద్ పీజీ చదివాడు. చదివి, మేడగది గుమ్మానికి నిమ్మకాయలు కట్టించాడు. అయినా బొమ్మలు పోతూనే ఉన్నాయి.

"పొద్దున పులివెందులోళ్లు పెండ్లికూతురి వడ్డాణం చూసేకి వస్తాండారు," అన్నాడు యజమాని. "బొమ్మ లేకుంటే నువ్వు పనిలోకి రావద్దప్పా."

"ఈ పొద్దు ఈ మేడగదిలోనే కూసుంటా సార్. ఎవరొచ్చేదీ చూస్తా."

"దెయ్యం నీకు సలాం కొడుతుందిలే."

తొమ్మిదయింది. కింద గల్లాపెట్టెకు కర్పూర హారతి వెలిగింది. అది ఆరేలోపు షాపులో కరెంటంతా ఆపెయ్యాలి... తాతల నాటి ఆచారం. యజమాని కింద నుంచే, బొమ్మలన్నీ దాచే సర్వర్‌ను ఆపమని మీట నొక్కాడు.

పైన గదిలో మూలనున్న సర్వర్ గురగురలాడింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు—

మెడ పిసికినట్టు ఆగిపోయింది.

లైట్లు పోయాయి. అజ్మతుల్లా చీకట్లోనే కూర్చున్నాడు. గుమ్మం దగ్గర ఏదో మెత్తగా పడి... దొర్లుకుంటూ అతని కాలికి తగిలింది.

ఫోన్ లైటు వేశాడు. కుళ్లిన నిమ్మకాయ.

పొద్దున్నే సర్వర్ తెరిచారు. వడ్డాణం లేదు.

"ఎవరొచ్చినారు?" అడిగాడు యజమాని.

"ఎవురూ రాలేదు సార్."

"అయితే నువ్వే తుడిచేసింటావు. పో."

పదకొండేళ్ల ఉద్యోగం అలా పోయింది.

మూడో రోజు మున్వర్ వచ్చి సర్వర్ చూశాడు. సేవ్ చేసిన బొమ్మలను అది ముందు తాత్కాలికంగా తన దగ్గర పెట్టుకుంటుంది. ఆపమన్నప్పుడు మిగిలినవన్నీ డిస్కులోకి దించుతుంది. అందుకు నలభై సెకన్లు కావాలి. సెట్టింగులో ఇచ్చింది ఐదు. ఐదు దాటితే, పని మధ్యలో ఉన్నా బలవంతంగా ఆపేస్తుంది.

"ఐదు ఎవరు పెట్టించినారు సార్?"

"నేనే. నెల కింద ఈ మిషన్ బిగించినప్పుడు. శానాసేపు తీసుకుంటాంది, హారతి ఆరిపోతాంది."

మున్వర్ దాన్ని మూడు నిమిషాలు చేశాడు. అంతసేపూ మండేటంత కర్పూరం పెట్టుకొమ్మన్నాడు. ఆ రోజు నుంచి ఒక్క గీత కూడా పోలేదు.

"అజ్మతుల్లాను పిలిపించండి సార్," అన్నాడు మున్వర్.

"నువ్వు చెప్పిందీ నిజమే," అన్నాడు పీజీ చదివిన రాఘవేంద్రప్రసాద్. "కానీ వాడు పోయినాకనే కదప్పా బొమ్మలు పోయేది నిలిచింది."

పది రోజుల తర్వాత మున్వర్‌కు తెలిసింది. అజ్మతుల్లా ప్రొద్దుటూరులో నాలుగు, జమ్మలమడుగులో రెండు నగల షాపుల్లో పని అడిగాడు. దెయ్యం వెంట వస్తుందని ఎవరూ పెట్టుకోలేదు.