నీలం దుప్పటి, తెల్ల దారం

టైలరు షాపు తలుపు తీసీ తియ్యకముందే మేడమీది అమ్మాయి దిగొచ్చింది. మోచేతుల దాకా నీలం. ఆ చేతుల్లో తడి ఆరని కుర్తా. దాన్ని తెచ్చి మెషీను మీద పరిచి, ఇదేం కుట్టు టైలరు గారూ అని నిలదీసింది.

ఆమెకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఆదివారం బస్సెక్కి హాస్టల్‌కి వెళ్ళిపోతుంది. వెలిసిపోయిన బట్టలు పారేసి కొత్తవి కొనడం దండగని, నాయనమ్మా మనవరాలూ పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, ఉప్పేసి, పాత దుప్పట్లూ దిండు గలేబులూ కుర్తాలూ అన్నీ నీలం రంగులో ముంచారు. అన్నీ ఒకే రంగైతే హాస్టల్లో ఏవి ఎవరివని తగాదా రాదని నాయనమ్మ ఆలోచన. బట్ట బ్రహ్మాండంగా నీలమైంది. కుట్లు మాత్రం తెల్లగా పళ్ళికిలించాయి.

బట్ట నూలుది, దారం పాలిస్టరుది, ఈ రంగు దానికి ఎక్కదని టైలరు నసుగుతూ చెప్పాడు. అయితే కుట్లన్నీ విప్పి నీలం దారంతో మళ్ళీ కుట్టమంది. సరేనన్నాడు. ఆమె ఏమన్నా సరేననే మనిషే అతను. ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వింటే చాలు, కత్తెర గీత తప్పి పక్కకి పోతుంది. ఆదివారం లోపు మనసులో మాట చెప్పకపోతే ఇక చెప్పేది లేదని అతనికి తెలుసు. తెలిసినా ఏం లాభం, ఆమెని చూడగానే నోరు కుట్టేసినట్టయ్యేది.

మర్నాడు ఇంకో కుర్తా తెచ్చింది. ఆ తర్వాత గలేబులు. వాటి రంగు ఇంకా చేతికి అంటుతూనే ఉంది. పాపం, టైలరు తల వంచుకుని కుట్లు విప్పుతూ మధ్యలో ముక్కు గోక్కున్నాడు. ఆమె అతన్నే చూస్తూ నిలబడింది.

"ముక్కు," అంది.

"ఏమైందండీ?"

"దానికి కూడా రంగేయించారా?"

తుడుచుకుంటే బుగ్గ కూడా నీలమైంది. ఆమె చున్నీ కొంగు అందించబోయి, మళ్ళీ ఏమనుకుందో వెనక్కి తీసుకుని నవ్వుకుంటూ పైకి వెళ్ళిపోయింది. ఆ పూట ముఖం కడుక్కోవడానికి టైలరుకి మనసొప్పలేదు.

అంతా సవ్యంగా సాగుతుంటే అతనే చెడగొట్టుకున్నాడు. బుధవారం ఆమె ఒక దుప్పటి తెస్తే, ఊరికే ఎందుకు మెట్లెక్కీ దిగీ అవస్థ పడతారు, హాస్టల్లో దుప్పటి అంచు ఎవరు చూస్తారండీ అన్నాడు. ఆమె కాళ్ళు నొప్పెడతాయని అన్న మాట అది. ఆమెకి మాత్రం ఇక రావొద్దన్నట్టు వినిపించింది.

"అంత కష్టంగా ఉంటే ముందే చెప్పాల్సింది," అని దుప్పటి లాక్కుని వెళ్ళిపోయింది. అది కాదండీ అనే మాట అతని నోట్లోంచి వచ్చేసరికి మెట్ల మీద ఎవరూ లేరు.

గురువారం రాలేదు. శుక్రవారమూ రాలేదు. టైలరు ఒక పెద్దమనిషి చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్కకి కుట్టి పెట్టాడు.

శనివారం సాయంత్రం వాన పట్టుకుంది. బేరాలు లేవు. మెషీను కప్పేద్దామా అనుకుంటుంటే ఆమె ముఖం ముడుచుకుని వచ్చి, మడత పెట్టిన దుప్పటి ఒకటి బల్ల మీద పెట్టింది.

"ఇదొక్కటే. ఇక తీసుకురాను."

టైలరు విప్పి చూశాడు. నీలమే. కానీ నేత గట్టిగా ఉంది, ఎక్కడా నూగు లేవలేదు. మూలన కొట్టువాళ్ళ చీటీ నానిపోయి ముక్కలుగా అతుక్కుని ఉంది.

"ఇది కొత్తదండీ."

ఆమె వాన వైపు చూస్తోంది.

"కొత్త దుప్పటికి రంగెందుకు వేశారు?"

"మీరొద్దన్నది తప్ప ఇంట్లో పాతవన్నీ అయిపోయాయి."

టైలరు దుప్పటి మడిచి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దీనికి దారం మార్చనండి."

"ఏం?"

"మారిస్తే పట్టుకెళ్ళిపోతారు. ఇక్కడే ఉంచుతాను. సెలవులకి వచ్చినప్పుడల్లా వచ్చి అడగండి."

"ఎప్పటిదాకా అడగాలి?"

"మనిద్దరిదీ ఒకే ఇల్లయ్యేదాకా."

ఆమె ముఖం ఎర్రబడింది. ఈ ముక్క బుధవారమే చెప్పి ఉంటే నాయనమ్మ దుప్పటి బతికిపోయేది కదా అని గొణిగింది.

ఇంతలో ఆ నాయనమ్మే గొడుగేసుకుని దిగింది. పెట్టెలో దాచిన కొత్త దుప్పటి కోసం ఇల్లంతా వెతికి వస్తోంది. టైలరు ఒళ్ళో దాన్ని చూసింది. మనవరాలి ముఖం చూసింది. టైలరు లేచి నిలబడ్డాడు గానీ దుప్పటి మాత్రం వదల్లేదు.

"ఏమయ్యా, రేపు ఈ పిల్ల బస్సెక్కేలోగా మీ అమ్మని మేడమీదికి తీసుకొస్తావా, లేదా?" అంది నాయనమ్మ.

టైలరు తలూపాడు.

"వస్తే ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టను? మంచం మీద పరవడానికి ఒక్క మంచి దుప్పటి మిగల్చలేదు ఈ మహాతల్లి."

"అత్తయ్య ఏమీ అనుకోరులే నాయనమ్మా," అంది అమ్మాయి.

టైలరు మెషీను కప్పలేదు, షాపు మూయలేదు. అలాగే వానలోకి దిగి ఇంటివైపు నడిచాడు.